లైను చివరి ఇల్లు

ఆ ఏడాది ఈస్టర్ వెళ్లాక ఎండ నిండుగా కాసిన మొదటి రోజే మా అన్న వీటుస్ నా మొగుడి పళ్లు రాలగొట్టాడు. మా పెరట్లో, నా కళ్లముందే. ఆల్బాన్ పాల క్యాన్లు కడుగుతున్నాడు. అన్న ట్రాక్టరు ఇంజను కూడా ఆపకుండా దూకి, కంచెకు పాతే గుంజ ఒకటి చేతబట్టుకుని నేరుగా అతని మీదికి వచ్చాడు.

"నీది నడుస్తోందా?" అని అడిగాడు.

"ఏది?"

"ఏదేమిట్రా! నీ కప్పు మీదది!"

"నడవక? ఎండ కాస్తోందిగా."

అంతే. గుంజ మూతి మీద పడింది. ఆల్బాన్ క్యాన్ల మధ్య కూలబడ్డాడు. అన్న రెండో దెబ్బకి గుంజ ఎత్తి, "నా ఎండ నువ్వు తింటున్నావురా, దొంగ వెధవా!" అని అరిచాడు. నా చేతికి అందింది క్యాన్లు కడిగే వేడినీళ్ల బకెట్టు. అది ఎత్తి మా అన్న నెత్తిన కుమ్మరించాను. వాడు కేకపెట్టి గుంజ వదిలేశాడు. ఆ వేసవి మా ఇంట్లో అలా మొదలైంది.

మాది దక్షిణ జర్మనీలో గుండ్లింగ్ అనే పల్లె, అక్కడ మా కరెంటు లైను మీద ఉన్నవి ఆరు ఇళ్లు. ట్రాన్స్‌ఫార్మర్ పక్కనున్న మొదటిది నేను కాపురానికొచ్చిన ఇల్లు. చిట్టచివరిది నేను పుట్టిన ఇల్లు. పాల ధర పడిపోయాక అందరం కొట్టాల కప్పుల నిండా సోలార్ ప్యానెళ్లు పరిచి కరెంటు గ్రిడ్‌కి అమ్ముకుంటున్నాం. లైను మాత్రం మా తాతల నాటిది, ఇంటికి నాలుగు బల్బులూ ఒక రేడియో సరిపెట్టడానికి వేసింది. మిట్టమధ్యాహ్నం ఆరు కప్పులూ ఒక్కసారి కరెంటు తోస్తే లైను పట్టలేక వోల్టేజీ పెరుగుతుంది, చివరికి పోయేకొద్దీ మరీ పెరుగుతుంది. హద్దు దాటగానే చివరింటి ఇన్వర్టర్, అంటే ప్యానెళ్ల కరెంటుని లైనుకి పంపే మిషన్, తనంతట తానే ఆగిపోతుంది. ఎండ ఎంత బాగా కాస్తే మా పుట్టింటికి అంత నష్టం. ఆల్బాన్ మిషన్ మాత్రం ఏనాడూ ఆగదు. ట్రాన్స్‌ఫార్మర్ పక్కన పుట్టడం తప్ప అందులో అతను చేసిన ఘనకార్యమూ లేదు, తప్పూ లేదు.

మే నెల మొదట్లో డాక్టర్ ఇన్సా వచ్చింది. ఉత్తరాన సముద్రం ఒడ్డు పిల్ల, ఏదో పరిశోధనా సంస్థలో పని. ఉత్తరాది వాళ్లు ఎవరైనా సరే మాకు ప్రష్యా వాళ్లే, అది పేరు కాదు, తిట్టు. చర్చి ఎదుట ఆఫ్రా నడిపే బీరుశాలలో ఆరు ఇళ్ల వాళ్లనీ కూర్చోబెట్టి ఆమె నిలబడి మాట్లాడింది.

"ఇది మీ ఒక్క ఊరి గొడవ కాదండీ. సూర్యుడి కరెంటు పెరిగేకొద్దీ ప్రతి లైనూ ఇలాగే నిండిపోతుంది. నిండినప్పుడు అందరూ తలా కాస్త తగ్గించుకుంటే ఎవరూ పూర్తిగా ఆగక్కర్లేదని మా లెక్క. కాగితం మీద బాగానే ఉంది. నిజం లైను మీద చూడాలి. దానికి మంత్రిత్వశాఖ డబ్బు ఇస్తానంటోంది."

"ఇస్తానంటే తీసుకో డాక్టరమ్మా. మా అనుమతి దేనికి?" అన్నాడు ఎమ్మెరాం. మా పుట్టింటి పక్కిల్లు వాడిది, లైను మీద ఐదోది.

"ఆరు ఇళ్లూ సంతకం పెట్టాలి. ఒక్క ఇల్లు తప్పుకున్నా పరిశోధన నిలబడదు. పెంతెకొస్తు పండగయ్యాక కమిటీ కూర్చుంటుంది. అప్పటికి సంతకాలు లేకపోతే ఆ డబ్బు ఇంకో ఊరికి పోతుంది. వస్తే మాత్రం ఇంటికో కరెంటు తగ్గించే పెట్టె బిగిస్తాం, చివరింటి దగ్గర బ్యాటరీ పెడతాం, కేబులు మారుస్తాం."

"కరెంటు కంపెనీ వాళ్లు మార్చరా?"

"మీ ఊరు వాళ్ల వరసలో పదేళ్ల దాకా లేదట."

మా నాన్న కోర్బినియన్ లేచి మొదటి సంతకం పెట్టాడు. ఊరి చర్చికి పెద్ద ఆయన. ఆయన పెన్ను పట్టుకుంటే మిగతావాళ్లు వెనకే లేస్తారు. లేచారు కూడా. చివరికి ఆల్బాన్ ఒక్కడే మిగిలాడు. వాచిన మూతితో, కొత్తగా పడిన సందులోంచి గాలి పోతుండగా అన్నాడు:

"నా కప్పు మీద పడే ఎండ దేవుడు నాకిచ్చింది. దాన్ని తగ్గించే మీట బెర్లిన్‌లో కూర్చున్న ఎవడి చేతికో ఇవ్వను."

"మూతి మీద పడింది చాల్లేదట్రా బావా?" అన్నాడు అన్న.

ఆల్బాన్ చేతిలోని బీరు మగ్గు గాల్లో లేచింది. వీటుస్ తల వంచాడు కాబట్టి అది గోడకి కొట్టుకుని పగిలింది. వీటుస్ బల్ల మీంచి దూకి అతని గొంతు పట్టుకున్నాడు. విడదీయడానికి వెళ్లినవాళ్లు పాత కక్షలు గుర్తొచ్చి వాళ్లలో వాళ్లు తన్నుకున్నారు. ఇన్సా తన కాగితాలతో సహా బల్ల కిందికి దూరింది.

"మీ ఊళ్లో మీటింగులన్నీ ఇలాగే జరుగుతాయా?" అని కింది నుంచే అడిగింది.

"అబ్బే, లేదు డాక్టరమ్మా. ఇవాళ మీరున్నారని మర్యాదగా ఉన్నారు" అంది ఆఫ్రా గాజు పెంకులు ఊడుస్తూ.

ఇంటికొచ్చాక ఆల్బాన్ మెడ మీద గోళ్ల గీతలకి మందు రాస్తూ, "సంతకం పెట్టు" అన్నాను.

"నా పళ్లు ఊడగొట్టినవాడికి నా ఎండ కూడా ఇవ్వాలా?"

"వాడికి కాదు, నాకివ్వు. రెండిళ్లలోనూ కూర్చుని నాలుగు ముద్దలు తినగలిగితే చాలు నాకు. ఇంకేం అక్కర్లేదు."

అతను గోడ వైపు తిరిగి పడుకున్నాడు. నాకు ఏడుపు రాలేదు. మందు సీసా అతని నెత్తిన పగలగొట్టాలనిపించింది.

ఆ తర్వాతే వింత మొదలైంది. ఏనాడూ ఆగని ఎమ్మెరాం మిషన్ మధ్యాహ్నాలు ఆగసాగింది. ఆ వెనకే నాలుగో ఇంటిది. ఒకరోజు వోల్టేజీ పొంగి ఎమ్మెరాం పాల కూలర్ కాలిపోయింది. ట్యాంకు నిండా ఉన్న పాలు విరిగితే కాలవలో పారబోసుకున్నారు. ఆ వారమే ఆల్బాన్ ట్రాక్టరు షెడ్డుకి కొత్త రేకులు వేయించాడు. ఇంకేముంది, దొంగచాటుగా మరిన్ని ప్యానెళ్లు బిగించాడని ఊరంతా తేల్చేసింది. మొదటి ఇంటివాడు, సంతకం పెట్టనివాడు, మిషన్ ఆగనివాడు. అనుమానం ఇంకెవరి మీదికి పోతుంది?

ముందు మా ట్రాక్టరు టైర్లు కోశారు. తర్వాత తుపాకీ గుళ్లతో రెండు ప్యానెళ్లు పగలగొట్టారు. ఆ తర్వాత మా కుక్క వాస్ట్ల్‌ని చంపారు. పొద్దున పాలు పితకడానికి లేచి తలుపు తీస్తే, వాస్ట్ల్ గొంతు తెగి గేటుకి వేలాడుతోంది. ఎనిమిదేళ్లు నా కాళ్ల చుట్టూ తిరిగిన కుక్క అది. ఆల్బాన్ దాన్ని దించి, ఆపిల్ చెట్ల వెనక పూడ్చి, చేతులు కడుక్కుని, వేట తుపాకీ ఉన్న బీరువా తెరిచాడు.

"తూటాలేవి?"

"తెలీదు."

"బుర్గీ, తూటాలేవి?"

పిండి డబ్బాలో దాచాను. చెప్పలేదు. అతను ఇల్లంతా తిరగదోశాడు, కుర్చీ విరగ్గొట్టాడు, నన్ను మాత్రం ముట్టుకోలేదు.

పెంతెకొస్తుకి ముందు శనివారం నాన్నని బతిమాలుకుందామని పుట్టింటికి వెళ్లాను. ఆయన చెబితే ఊరు వింటుంది, మా జోలికి రావద్దని చెప్పమందామని. ఆయన లేడు, చర్చి గుమ్మానికి పండగ కొమ్మలు కట్టించడానికి వెళ్లాడు. మిట్టమధ్యాహ్నం, మబ్బు తునక లేదు. కొట్టంలో ఈలపాట వినపడి లోపలికి వెళ్లాను. గోడ మీద మా నాన్న ఇన్వర్టర్, పచ్చ దీపం నిండుగా వెలుగుతూ, జుమ్మని నడుస్తోంది. కింద వీటుస్ కూర్చుని కొడవలికి పదును పెడుతున్నాడు.

"ఆగలేదేం?" అన్నాను.

"ఇది ఇప్పుడు జర్మనీలో లేదు చెల్లీ."

"మరెక్కడుంది?"

"గ్రీసులో. ఒక ద్వీపం మీద."

వాడు పడీపడీ నవ్వుతూ చెప్పాడు. బిగించినప్పుడు ఆ మిషన్ ఏ దేశంలో ఉన్నావని అడుగుతుందట. ఒక్కో దేశానికి ఒక్కో హద్దు. గ్రీసు ద్వీపం అని చెబితే వోల్టేజీ ఎంత పెరిగినా ఓర్చుకుని నడుస్తుందట. బిగించినవాడి దగ్గర రహస్య సంఖ్య రాబట్టి, మే నెలలో మా అన్న మా నాన్న కప్పుని ఆ ద్వీపానికి వలస పంపేశాడు. ఇక్కడ ఆగాల్సింది ఆగకపోయేసరికి ఆ పోటు పక్కిళ్ల మీద పడుతోంది.

నాకు నవ్వొచ్చింది. నిజంగానే వచ్చింది. అంతలోనే వాస్ట్ల్ గుర్తొచ్చింది.

"నాన్నకి తెలుసా?"

"తెలిస్తే ముందు నన్ను చంపి, తర్వాత చర్చికి పోయి పాపం ఒప్పుకుంటాడు."

"ఎమ్మెరాం పాలు పోయింది నీవల్ల. మా కుక్క చచ్చింది నీవల్ల."

"నేను కొయ్యలేదు."

"రేపు పూజయ్యాక అందరి ముందూ నువ్వే చెప్పు. చెప్పలేదో, నేను చెప్తా."

వాడు లేచి నా జుట్టు పట్టుకున్నాడు. నా చెంప ఆ మిషన్‌కి అదిమిపెట్టాడు. ఇనుము వేడిగా ఉంది, నా దవడలో దాని జుమ్మనడం తెలుస్తోంది.

"ఏ ఇంటి పిల్లవే నువ్వు? చెప్పు, ఏ ఇంటి పిల్లవి?"

నా నోటికి అందిన వాడి చెయ్యి కండ ఊడేలా కొరికాను. వదిలేశాడు. దారి పొడుగునా వాడి నెత్తురు ఉమ్ముకుంటూ ఇంటికి నడిచాను.

మర్నాడు ఆల్బాన్ ఇంట్లో కూర్చోనన్నాడు. "దాక్కుంటే దొంగననే అర్థం" అని, కోటు తొడుక్కుని పూజకి వచ్చాడు, పూజయ్యాక అందరితో పాటు బీరుశాలకి వెళ్లాడు. నేను సమాధుల దగ్గర మా అమ్మకి పూలు పెడుతుంటే లోపల బల్ల తిరగబడ్డ చప్పుడు వినిపించింది.

మొదలుపెట్టింది మా నాన్నేనట. లేచి నిలబడి, "ఆల్బాన్, నా కూతురున్న ఇల్లని ఇన్నాళ్లూ నోరు మూసుకున్నాను. నువ్వు దొంగవి" అన్నాడట. ఆయన నోట ఆ మాట వచ్చాక ఇక ఎవరికీ ఏ అడ్డూ లేకపోయింది. నేను లోపలికి పరిగెత్తేసరికి ఆల్బాన్ నేల మీద ఉన్నాడు. ఎమ్మెరాం అతని గుండెల మీద మోకాలు పెట్టి కూర్చుని, చాకలి బండ మీద బట్ట బాదినట్టు ముఖం మీద గుద్దుతున్నాడు. ఇంకెవడో అతని అరచేతిని బూటుతో తొక్కిపట్టాడు. ఎముక విరిగిన చప్పుడు నేను విన్నాను.

వీటుస్ మూల బల్ల దగ్గర కూర్చున్నాడు, కొరికిన చేతికి గుడ్డ చుట్టుకుని. వాడి వైపు చూశాను. వాడు మగ్గులోకి చూసుకున్నాడు.

"మా పుట్టింటి మిషన్ గ్రీసులో ఉంది" అన్నాను.

ఎవడో కిసుక్కున నవ్వాడు. నేను మొత్తం చెప్పాను. గట్టిగా కూడా చెప్పలేదు, పాలవాడితో లెక్క చెప్పినట్టు చెప్పాను. ఎమ్మెరాం పిడికిలి ఆగిపోయింది.

నాన్న కొడుకు వైపు తిరిగాడు. "నిజమేనా?"

"మన ఇంటికి జరిగే అన్యాయం మాటేమిటి నాన్నా? మధ్యాహ్నం పూట..."

"నిజమేనా అని అడిగాను."

వీటుస్ తల దించుకున్నాడు. నాన్న మేకుకి తగిలించిన టోపీ తీసి పెట్టుకుని, కిందపడి ఉన్న ఆల్బాన్‌ని చూసి, బయటికి నడిచాడు. ఎమ్మెరాం ఆల్బాన్ గుండెల మీంచి దిగి, చెయ్యి అందించి కూర్చోబెట్టాడు. ఆ తర్వాత అదే చేత్తో వెళ్లి వీటుస్‌ని జుట్టు పట్టి బల్ల మీదికి ఈడ్చాడు. ఇందాక ఆల్బాన్‌ని కొట్టినవాళ్లంతా ఇప్పుడు మా అన్న మీద పడ్డారు. నేను తడిగుడ్డతో నా మొగుడి కళ్లలో నెత్తురు తుడుస్తున్నాను. నాన్న వెనక ఎవరూ వెళ్లలేదు.

ఇంటికి వెళ్లి ఆయన ఏం చేశాడో తర్వాత కనపడినదాన్ని బట్టి తెలిసింది. ముందు కొట్టంలో మెయిన్ ఆపాడు. జాగ్రత్త గల మనిషి, ఏ తీగ ముట్టుకోవాలన్నా జీవితాంతం ముందు మెయిన్ ఆపేవాడు. మెయిన్ ఆపితే తీగ చచ్చినట్టే ఆయనకి. తర్వాత గొడ్డలి తీసుకుని కప్పు మీంచి దిగే తీగల కట్టని ఒక్క వేటున నరికాడు. ఎండ కాస్తున్నంతసేపు ప్యానెళ్లు కరెంటు పుట్టిస్తూనే ఉంటాయి. కింద మెయిన్ ఆపినా పైన ఆగదు. తెగిన కొసల మధ్య మంట లేచింది. పక్కనే తొలి కోత గడ్డి, కప్పుదాకా.

సైరన్ మోగింది. మా ఊళ్లో అగ్నిమాపక దళమంటే ఊరి మగవాళ్లే. దళం నాయకుడు ఆల్బాన్. ముఖం ఇంత లావున వాచి, ఒక కన్ను మూసుకుపోయి, విరిగిన చెయ్యి కోటులో దోపుకుని, అతను హెల్మెట్ పెట్టుకున్నాడు. ఇందాక అతన్ని తన్నినవాళ్లే బండెక్కి గొట్టాలు పట్టుకున్నారు. అతను ఎక్కడ నిలబడమంటే అక్కడ నిలబడ్డారు.

"ప్యానెళ్ల మీద నీళ్లు కొట్టకండి! కరెంటు వెనక్కొస్తుంది! ఎమ్మెరాం, పక్క కప్పు తడుపు!"

"మరి దీన్నేం చెయ్యాలి?"

"దీన్ని ఆపాలంటే ఎండని ఆర్పాలిరా!"

ఆవుల్ని వదిలేశారు. కొమ్ములు తగిలి ఇద్దరు పడ్డారు. అప్పుడే వీటుస్ పరిగెత్తుకొచ్చాడు, చొక్కా చిరిగి, నోటి నుంచి నెత్తురు కారుతూ. "నాన్న లోపలున్నాడు!" అని తిన్నగా మంటలోకి వెళ్లబోయాడు. ఆల్బాన్ బాగున్న చేత్తో వాడి నడుం పట్టి వెనక్కి లాగాడు. వాడు తలతో మోదాడు, మోచేత్తో పొడిచాడు, విరిగిన చేతి మీద గుద్దాడు. ఆల్బాన్ అరుస్తూనే పట్టు వదల్లేదు. వాణ్ని ఎమ్మెరాం మీదికి తోసేసి, తను లోపలికి వెళ్లాడు.

నాన్నని కాలర్ పట్టి నేల మీద ఈడ్చుకుంటూ తెచ్చాడు. గొడ్డలి పిడి ఆయన చేతికి అంటుకుపోయి ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి, నన్ను గుర్తుపట్టాయి. ఆ వారం దాటకుండా ఆసుపత్రిలో పోయాడు.

సమాధి దగ్గర మట్టి వేశాక వీటుస్ నా పక్కకి వచ్చాడు.

"నువ్వు నోరు మూసుకుని ఉంటే నాన్న బతికుండేవాడు."

"నా మొగుణ్ని చంపేసేవాళ్లు."

"చంపనివ్వాల్సింది" అన్నాడు. కోపంగా కూడా అనలేదు. గేటు దాటి వెళ్లిపోయాడు. మర్నాడు ఆవుల్ని అమ్మి తోలేశాడు. ఇంటికి తాళం పడింది. ఎక్కడికి పోయాడో నాతో చెప్పలేదు.

జూన్‌లో ఎండ మండుతున్న రోజొకటి చూసుకుని ఇన్సా వచ్చింది. పొద్దుట్నుంచి ప్రతి స్తంభం దగ్గరా మీటరు పెట్టి చూసుకుంటూ, భోజనం వేళకి మా పెరట్లోకి వచ్చింది. చేతికి కట్టుతో ఆల్బాన్ ఎదురెళ్లి కాగితం చాపాడు.

"సంతకం పెట్టాను డాక్టరమ్మా. ఏ మీట ఎవరి చేతిలో పెట్టినా సరే."

ఆమె కాగితం తీసుకోలేదు.

"మీ లైను ఇప్పుడు బాగుందండీ. ఈ ఎండలో కూడా వోల్టేజీ ఎక్కడా హద్దు దాటలేదు."

"మంచిదేగా?"

"ఇబ్బంది లేని లైను మీద పరిశోధనకి డబ్బివ్వరు. కమిటీ ఇక ఇంకో ఊరినే తీసుకుంటుంది." ఆమె నా వైపు చూసి కళ్లు దించుకుంది. "చివరి కప్పు లేదు కదండీ. లైను నిండటం లేదు."

వచ్చినందుకు ఆమెకి సూపు పెట్టాను. రెండు చెంచాలు తాగి, క్షమించమని చెప్పి వెళ్లిపోయింది.

గిన్నెలు తీస్తుంటే షెడ్డులో మిషన్ చప్పుడు ఆగిపోయింది. ఏనాడూ ఆగని మిషన్. పరిగెత్తాను. ఆల్బాన్ స్విచ్చి దించి, దాని ముందు నిలబడి ఉన్నాడు.

"ఎందుకాపావు?"

"మీ నాన్న వంతు" అన్నాడు. "ఎండ బాగా ఉన్నప్పుడు రోజూ ఒక గంట ఆయనకి వదిలేద్దామని."

ఒంట్లో ఉన్న బలమంతా చేర్చి చెంప మీద కొట్టాను.

"ఏప్రిల్‌లో వదలాల్సింది."

అతను చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. "కొట్టు" అన్నాడు. మళ్లీ కొట్టాను. ఇంకా కొట్టాను, నా అరచెయ్యి మండేదాకా. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి, అవి దెబ్బలకి కాదని నాకు తెలుసు. తెలిసినా నా కోపం తగ్గలేదు. మా నాన్నని మంటలోంచి ఈడ్చుకొచ్చిన మనిషే, ఆయన్ని ఆ మంటదాకా తోసినవాళ్లలో ఒకడు. ఆ మనిషితోనే నేను కాపురం చెయ్యాలి.

అతన్ని పక్కకి నెట్టి స్విచ్చి పైకెత్తాను. పచ్చ దీపం వెలిగింది.

"నడవనీ. ఇప్పుడిది ఎవరికి అడ్డం?"

ఆ వేసవంతా ఎండలు విరగకాశాయి. మా లైను మీద ఒక్క మిషన్ కూడా ఆగలేదు.